బ్రేక్ ఆయిల్ తగ్గితే పోయించుకుని వచ్చేయడమేనా?

ప్రశ్న: మా నాన్నగారి కారు 2009 మోడల్ వ్యాగన్ఆర్. ఇప్పటిదాకా తిరిగింది 43,000 కిలోమీటర్లే. ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక రెండేళ్లు ఇంటి ముందు కవర్ కప్పుకుని నిలబడి ఉంది. ఇప్పుడు నేను ఆఫీసుకు తీసుకెళ్తున్నాను. ఈమధ్య బ్రేక్ లైటు వెలిగి ఆరుతోంది. వీధి చివర షెడ్డులో చూపిస్తే "ఆయిల్ తగ్గిందమ్మా" అని కొంచెం పోసి పంపారు. నెల తిరగకుండా మళ్లీ వెలిగింది. ఇంకో చోట చూపిస్తే ఆయిల్ నల్లబడింది, బ్రేక్ సిస్టమ్ మొత్తం మార్చాలన్నారు. నాన్నేమో "నలభై వేలు తిరిగిన కారుకు బ్రేక్ ఆయిల్ మార్చడమేంటి" అంటున్నారు. దసరా సెలవుల్లో అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకెళ్లాలి. ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగితే పెట్రోల్ మిగులుతుందని కూడా ఆయన సలహా. ఎవరి మాట వినాలి? ఈ పని ఇంట్లో నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆయిల్ నలుపు కాదండీ. "నెల తిరగకుండా మళ్లీ వెలిగింది" అన్న ముక్క. దాని సంగతి తేలేదాకా ఆఫీసుకు మెట్రోలోనో బస్సులోనో వెళ్లండి. కారు తీయొద్దు.

బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్ లాగా కాలిపోయేది కాదు, ఆవిరై తగ్గేదీ కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో ఉంటుంది. డబ్బాలో మట్టం తగ్గిందంటే కారణాలు రెండే. ఒకటి, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగాయి. ప్యాడ్ పలచబడే కొద్దీ దాని వెనకున్న పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, పైన డబ్బాలో ఆ మేరకు తగ్గుతుంది. ఇది ఏళ్ల మీద జరిగే తగ్గుదల, దాంట్లో తప్పేమీ లేదు. కొత్త ప్యాడ్లు వేయగానే మట్టం మళ్లీ పైకి వస్తుంది. అందుకే ప్యాడ్లు చూడకుండా పైన పోయడం మంచి పద్ధతి కాదంటాను. రేపు ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెడితే, పోసిన ఆయిల్ డబ్బాలోంచి పొంగి బయటికొస్తుంది. అది పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది. రెండో కారణం లీకు. నెలలోనే మట్టం మళ్లీ తగ్గి లైటు వచ్చిందంటే అది ప్యాడ్ల అరుగుదల కాదు, ఎక్కడో కారుతోంది.

ఆ లైటుకి ఇంకో అమాయకమైన కారణం కూడా ఉంటుంది. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్‌కీ దీనికీ ఒకటే లైటు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగకపోయినా వెలుగుతుంది. ముందు అది చూసుకోండి. తర్వాత బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు వెనక భాగంలో ఉండే తెల్లటి డబ్బా మీద మ్యాక్స్, మిన్ గీతల మధ్య మట్టం ఎక్కడుందో చూడండి. మూత తీయక్కర్లేదు, బయటికే కనిపిస్తుంది.

లీకు వెతకడం మాత్రం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. దానికి పానాలు, స్పానర్లు అక్కర్లేదు. రాత్రి కారు కింద నాలుగు చక్రాల దగ్గరా పాత అట్టముక్కలు పరిచి ఉంచండి. పొద్దున టార్చ్ తీసుకుని వెనక చక్రాల లోపలి వైపు, అంటే కారు అడుగు వైపు ఉండే టైరు పక్క, తడిగా ఉందేమో చూడండి. మీది ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండి. ఎక్కువ కాలం కదలకుండా ఉన్న ఇలాంటి కారులో నేను మొదట అనుమానించేది వెనక డ్రమ్ములోని వీల్ సిలిండర్‌నే, అంటే ఆయిల్ ఒత్తిడితో ఆ చక్రం బ్రేకును నొక్కే చిన్న సిలిండర్‌ని. నిలబడిపోయిన బండిలో ఆయిల్‌లోని తేమకు ఆ సిలిండర్ గోడ తుప్పు పట్టి గుంటలు పడుతుంది. మళ్లీ నడపడం మొదలుపెట్టగానే లోపలి రబ్బరు ఆ గుంటల మీద రాసుకుని చిరుగుతుంది. కవర్ కింద ఉన్నన్నాళ్లూ బాగున్న కారు బయటికి తీశాక కారడానికి అదే కారణం. మీరు వచ్చి పాడుచేసింది కాదు, నాన్నగారికి చెప్పండి.

ఇంకో చోటు ఉంది, చాలామంది చూడరు. పెడల్‌కి ఎదురుగా ఇంజిన్ గదిలో ఉండి, మీరు నొక్కగానే ఆయిల్‌ని గొట్టాల్లోకి తోసే మాస్టర్ సిలిండర్, దాని వెనక అప్పడంలా గుండ్రంగా ఉండి మీ కాలి బలాన్ని పెంచే పెద్ద నల్ల బూస్టర్. ఈ రెండూ కలిసే చోట తడి ఉన్నా, బూస్టర్ రంగు పొరలుగా ఊడుతున్నా ఆయిల్ అక్కడినుంచి పోతున్నట్టే. ఒక్కోసారి ఆ ఆయిల్ బూస్టర్ లోపలికే వెళ్లిపోతుంది, నేల మీద చుక్క కూడా పడదు.

ఇప్పుడు పెడల్ పరీక్ష. ఇంజిన్ ఆన్ చేసి, కారు కదలకుండా ఉంచి, బ్రేక్‌ని గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పాదం కింద పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతూ ఉంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయని అర్థం. నొక్కగానే మెత్తగా, స్పాంజి మీద కాలు పెట్టినట్టుంటే గొట్టాల్లో గాలి ఉంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే అది బూస్టర్ గొడవ, ఆయిల్‌ది కాదు.

ఇక నాన్నగారి ప్రశ్న. నలభై వేలు తిరిగిన కారుకు ఎందుకు మార్చాలి?

అందరం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది ఆయిల్ కానే కాదు. మన కార్లలో వాడేది గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. వానాకాలంలో మూత పెట్టని ఉప్పు జాడీ చూశారు కదా, అలాగే. మీరు నడిపినా నడపకపోయినా రబ్బరు గొట్టాల గోడల గుండా, డబ్బా మూతలోని సన్న రంధ్రం గుండా తేమ కొంచెం కొంచెం చేరుతూనే ఉంటుంది. కారు కవర్ కింద నిద్రపోతుంటే ఇంజిన్‌కి విశ్రాంతి, బ్రేక్ ఆయిల్‌కి లేదు. అందుకే దీనికి కిలోమీటర్ల కంటే సంవత్సరాల లెక్క ముఖ్యం. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో రెండేళ్లకోసారి అని ఉంటుంది. మీ గ్లవ్ బాక్సులో ఆ పుస్తకం ఇంకా ఉంటే తీసి చూడండి. పదిహేనేళ్లు దాటిన మీ కారులో, నాన్నగారి మాటను బట్టి చూస్తే, షోరూం నుంచి వచ్చినప్పటి ఆయిలే ఉండి ఉండొచ్చు.

తేమ చేరితే ఏమవుతుందంటే, ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ నంబర్లతో చెబుతారు. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140. డాట్ 4 అయితే కొత్తది 230, నీరు చేరినది 155. బ్రేకులు వేసిన ప్రతిసారీ పుట్టే వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కి, అక్కడి నుంచి పిస్టన్ వెనకున్న ఆయిల్‌కి చేరుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఇంట్లో సూది లేని సిరంజిలో నీళ్లు నింపి, మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, ఒక్క మిల్లీమీటరు కదలదు. నీళ్లు తీసేసి గాలితో నొక్కండి, సగం దాకా దిగిపోతుంది. ఘాట్‌లో మీ కాలి కింద జరిగేది ఆ రెండోది. పెడల్ నేలకు తగులుతుంది, చక్రానికి మాత్రం ఏమీ అందదు.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ కారు కొని, నెల తిరక్కుండానే కుటుంబంతో శ్రీశైలం బయల్దేరాను. అమ్మినవాళ్లు సర్వీసింగ్ చేయించామన్నారు, నమ్మాను. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే నాలుగో మలుపులోనో ఐదో మలుపులోనో పెడల్ సగం దాకా మెత్తగా దిగింది. తర్వాతి మలుపులో ఇంకా కిందికి. రెండో గేరులోకి మార్చి, హ్యాండ్ బ్రేక్ మీట బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగుతూ, కొండ వైపు ఒరిపించి ఆపాను. వెనక సీట్లో మా ఆవిడకు ఏం జరిగిందో తెలియలేదు, కోతులను చూపించడానికి ఆపానని అనుకుంది. ముప్పావు గంట తర్వాత పెడల్ మళ్లీ మామూలుగా గట్టిగా వచ్చింది. ఇందులో ప్రమాదం అదే. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది, ఊరొచ్చాక మర్చిపోతాం. తిరిగొచ్చాక తీయిస్తే వచ్చిన ఆయిల్ డికాషన్ రంగులో ఉంది.

అలాగని రంగు చూసి తీర్పు చెప్పకండి. నలుపు తరచుగా రబ్బరు పొడి వల్ల, సన్నటి తుప్పు వల్ల వస్తుంది. తేమకు రంగు లేదు. చూడ్డానికి తేనెలా ఉన్న ఆయిల్‌లోనూ నీరు నిండి ఉండొచ్చు. పెన్నులాంటి టెస్టర్లు అమ్ముతున్నారు. అవి చూపే లైట్లు ఓ మోస్తరు సూచన మాత్రమే, పచ్చ లైటు చూసి మురిసిపోవద్దు. మీ కారు విషయంలో టెస్టర్ ఖర్చు కూడా దండగ. వయసే చెబుతోంది.

రెండో షెడ్డువాళ్లు మొత్తం మార్చాలన్నది కూడా నేను ఒప్పుకోను. మార్చాల్సింది చూసి మార్చాలి. నాలుగు చక్రాలూ విప్పి చూపించమనండి. వీల్ సిలిండర్ కారుతుంటే రబ్బరు కిట్ వేసి సరిపెడతామంటారు. ఈ వయసు కారులో గోడకు గుంటలు పడ్డాక కొత్త రబ్బరు మళ్లీ ఆరు నెలలే. సిలిండర్ మొత్తం మార్పించండి, ఎడమది పోతే కుడిది కూడా. లైనర్ల మీద, అంటే డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పట్టీల మీద, బ్రేక్ ఆయిల్ పడి ఉంటే వాటిని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయనివ్వొద్దు, పీల్చుకున్నది పూర్తిగా పోదు, బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు మాత్రం, పైకి పగుళ్లు కనిపించినా కనిపించకపోయినా, ఈ వయసులో మార్పించడమే మేలు. అవి లోపలి వైపు ఉబ్బుతాయి. మీరు గట్టిగా నొక్కితే ఆయిల్ ముందుకు పోతుంది, వదిలితే వెనక్కి రాదు, ఆ చక్రానికి బ్రేక్ పట్టేసి ఉంటుంది. ఓ పది కిలోమీటర్లు నడిపాక ఒక చక్రం మిగతావాటి కంటే బాగా వేడెక్కిందంటే దీన్నీ అనుమానించాలి. ఇనుప పైపులను వెనక యాక్సిల్ దగ్గర తుడిచి తుప్పు చూస్తే చాలు. మన హైదరాబాద్‌లో ఉప్పుగాలి లేదు. ఇదే కారు విశాఖలో బీచ్ రోడ్డు పక్కన పదిహేనేళ్లు ఉండి ఉంటే వేరేలా చెప్పేవాణ్ణి.

విడిభాగాలు పుత్లీబౌలీలోనో రాణిగంజ్‌లోనో తిరిగితే దొరుకుతాయి. కానీ బ్రేకుల దగ్గర నేను బేరం ఆడను. కంపెనీ డబ్బాలో సీలుతో ఉన్నదే కొనండి.

ఆయిల్ ఏది కొనాలన్నది మీ డబ్బా మూత మీదే అచ్చయి ఉంటుంది. డాట్ 3 అని ఉంటే డాట్ 3, లేదా దాని బదులు డాట్ 4 పోయొచ్చు, రెండూ ఒకే జాతి. డాట్ 5.1 కూడా ఆ జాతే. డాట్ 5 మాత్రం సిలికాన్, దాని జోలికి వెళ్లొద్దు. ఆ నంబర్లు పెట్టినవాళ్లకు దండం. పవర్ స్టీరింగ్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ లాంటివి ఒక్క చెంచా పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు నిజంగానే రబ్బరు ఉన్న ప్రతి భాగమూ మార్చాలి. మొదటి షెడ్డులో ఏ సీసాలోంచి పోశారో మీరు చూడలేదు కాబట్టి ఒక పని చేయండి. డబ్బా చుట్టూ దుమ్ము తుడిచి, మూత తీసి, దాని లోపలి రబ్బరు పొర చూడండి. అది సాగి, ముడతలు పడి, మూతలో సరిగ్గా కూర్చోకపోతే ఏదో వేరే ఆయిల్ పడిందన్న అనుమానం బలపడుతుంది. చూసి వెంటనే మూత పెట్టేయండి.

ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు. ఆయిల్ మార్చడం కష్టమైన పని కాదు. కానీ లీకున్న పాత కారుతో నేర్చుకోవడం మొదలుపెట్టొద్దు. చక్రం దగ్గర పాత ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న మర ఉంటుంది, నిపుల్ అంటారు. అది తుప్పు పట్టి ఉంటుంది, తొందరపడితే తెగి లోపలే ఉండిపోతుంది. షెడ్డులోనే చేయించండి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చోండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఒకరిద్దరు అనుకున్నా కూర్చోండి.

కూర్చుని ఏం చూడాలంటే, సీసా సీలు మీ కళ్ల ముందే తీయాలి. షెల్ఫులో మూత వదులుగా పెట్టిన సగం సీసా వద్దు, అది కూడా నెలల తరబడి తేమ తాగే ఉంటుంది. అర లీటరు నుంచి లీటరు దాకా దగ్గర పెట్టుకోండి. ముందు డబ్బాలోని పాత ఆయిల్‌ని సిరంజితో లాగేసి, కొత్తది నింపాలి. తర్వాత ఒక్కో చక్రం నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో ముంచి పాతది తీయాలి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన బండ్లలో అది వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించాలి. లోపల కూర్చున్న కుర్రాడు పెడల్ నొక్కి పట్టుకుంటాడు, కింద ఉన్నతను నిపుల్ వదులు చేస్తాడు, ఆయిల్ వస్తుంది, నిపుల్ బిగించాకే పైన కాలు తీయాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి లాగేస్తుంది. మధ్యమధ్యలో డబ్బా నింపుతూ ఉండాలి, ఒక్కసారి ఖాళీ అయినా పని మొదటికొస్తుంది.

ఒక చిన్న చిట్కా. పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టించండి. రోజూ బ్రేక్ వేసేటప్పుడు మాస్టర్ సిలిండర్ పిస్టన్ ముందు భాగంలోనే తిరుగుతుంది. చివరి భాగం ఏళ్లుగా వాడకపోవడంతో అక్కడ తుప్పు, మడ్డి పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేలకు తొక్కితే రబ్బరు ఆ గరుకు మీదికి వెళ్లి చిరుగుతుంది. "ఆయిల్ మార్పించిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయింది" అని వాపోయే వాళ్లలో చాలామంది కథ ఇదే. చెక్క పెట్టమంటే నవ్వే మెకానిక్కులు ఉంటారు. పెట్టమనండి.

గొట్టంలో బుడగలు ఆగి, కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా సాగాలి. అయ్యాక నిపుల్స్ బిగించి, రబ్బరు టోపీలు పెట్టి, ఎక్కడైనా చింది ఉంటే నీళ్లతో కడిగేయాలి. పెయింట్ మీద పడితే తుడవడం కంటే వెంటనే నీళ్లు పోయడం మంచిది. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కళ్లకు తగలనివ్వొద్దు. తీసిన పాతదాన్ని మోరీలో పోయనివ్వకండి, వాడిన ఆయిల్ తీసుకెళ్లే వాళ్లకు విడిగా సీసాలో ఇవ్వమనండి. బయల్దేరే ముందు నేను చెప్పిన నిమిషం పరీక్ష మళ్లీ చేయండి. తర్వాత కాలనీలోనే మెల్లగా నాలుగు చుట్లు తిప్పి, ఆపి ఆపి చూడండి. తెల్ల టేపు మీద తేదీ రాసి బానెట్ లోపల అతికించండి, వచ్చే రెండేళ్లకు అదే గుర్తు చేస్తుంది.

శ్రీశైలం ప్రయాణం గురించి. ఈ పనంతా బయల్దేరే ముందు రోజు పెట్టుకోవద్దు. కనీసం పదిహేను రోజుల ముందు చేయించి, ఆ పదిహేను రోజులూ ఊళ్లో నడపండి. డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో చిన్న గీత పెట్టుకుని ఉదయాన్నే చూస్తుండండి. ఒక మిల్లీమీటరు తగ్గినా మళ్లీ షెడ్డుకే. తగ్గకపోతే నిశ్చింతగా వెళ్లిరండి.

దిగేటప్పుడు ఏ గేరులో ఆ కొండ ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. మీ బండికి చాలాచోట్ల అది రెండో గేరు అవుతుంది. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలేయండి. బాగా దిగాక వెంటనే ఆపి ఇంజిన్ కట్టేస్తే డిస్కుల వేడి అంతా ఆయిల్ మీదికే వస్తుంది. కిందికొచ్చాక కాసేపు చదును రోడ్డు మీద నెమ్మదిగా నడిపి అప్పుడు ఆపండి.

న్యూట్రల్ సలహా మీద నాన్నగారితో కొంచెం వాదించాల్సి వస్తుంది. పాత కార్బురేటర్ బండ్ల రోజుల్లో ఆయన మాటలో కొంత నిజం ఉండేది. మీది ఎంపీఎఫ్ఐ ఇంజిన్, అంటే పెట్రోల్ ఎంత పోవాలో కంప్యూటర్ చూసుకునేది. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే, వాలు మీద చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి కాబట్టి కంప్యూటర్ పెట్రోల్ సరఫరా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. పెట్రోల్ లెక్క చెప్పి చూడండి. బ్రేకుల సంగతి చెబితే వినని పెద్దవాళ్లు కూడా పెట్రోల్ మిగులుతుందంటే వింటారు.